సెలవు రోజు బయట భోజనం: హోటల్ కంటే ముందు గంట తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా: ఉండేది మియాపూర్. వారానికి ఆదివారం ఒక్కటే సెలవు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అత్తగారు. ఆవిడ మాంసం ముట్టరు. ప్రయాణం కాక మూడు వేలలో రోజంతా హాయిగా బయట తిని రావాలి. ఫోన్‌లో చూస్తే హైదరాబాద్‌లో ప్రతి హోటల్‌కీ నాలుగు పైనే రేటింగ్. ఎలా ఎంచుకోవాలి?

రేటింగులు పక్కన పెట్టండి, వాటి సంగతి తర్వాత చెప్తాను. ఈ ఊళ్లో పేరున్న హోటళ్లలో చాలావాటికి పేరు ఒకటి రెండు వంటల వల్ల వచ్చింది, ఆ వంట బాగుండేది రోజులో ఒకటి రెండు గంటలే. అదే హోటల్‌కి మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్లినవాళ్లు ఐదు చుక్కలు వేస్తారు, నాలుగు గంటలకు వెళ్లినవాళ్లు ఒక చుక్క వేస్తారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. అందుకే ముందు ఏ వంట తినాలో, ఏ గంటకు తినాలో అనుకుని, ఆ తర్వాత హోటల్ పేరు వెతకండి.

పొద్దున్నే దొరికేది నహారీ. రాత్రంతా సన్నని సెగ మీద ఉడికిన పాయా, మాంసం, పలచని మసాలా పులుసుతో తెల్లవారేసరికి సిద్ధంగా ఉంటుంది. పాతబస్తీలో మదీనా సెంటర్ దగ్గర నయాబ్, షాదాబ్ హోటళ్లు దీనికి పేరున్నవి. తెల్లారగానే వెళ్తే ముక్క మెత్తగా, పులుసు జిగురుగా ఉంటుంది. పొద్దెక్కాక పులుసు తగ్గి ఉప్పు పైకి తేలుతుంది, కొన్నిసార్లు అయిపోతుంది కూడా. నాన్ లేదా కుల్చాతో తినాలి, పైన నిమ్మకాయ పిండుకోవాలి. పొద్దున్నే ఇంత బరువైన తిండి అందరికీ పడదు, పిల్లలకు అసలే వద్దు.

ఇరానీ చాయ్‌కి గంట కంటే గిరాకీ ముఖ్యం. డికాక్షన్ ఒక పాత్రలో మూత పెట్టి, పాలు ఇంకో పాత్రలో చిక్కబడేదాకా మరిగిస్తూ ఉంటారు, కప్పులోనే రెండూ కలుపుతారు. జనం ఉన్న చోట డికాక్షన్ త్వరగా అయిపోయి కొత్తది పడుతుంది. గిరాకీ లేని చోట అదే డికాక్షన్ గంటల తరబడి పొయ్యి మీద ఉండి చేదెక్కుతుంది, ఆ చేదు కప్పిపుచ్చడానికి చక్కెర ఎక్కువ పడుతుంది. చార్మినార్ పక్కన నిమ్రాలోనో, లక్డీకాపూల్ దిక్కున రెడ్ హిల్స్‌లోని నీలోఫర్‌లోనో నిలబడి తాగాల్సి వచ్చినా రుచి నిలకడగా ఉండటానికి కారణం ఆ గిరాకీయే. పాలు ఎక్కువ కావాలంటే "పౌనా" అని అడగండి. ఉస్మానియా బిస్కెట్ ట్రే పొయ్యిలోంచి వచ్చిన కాసేపటికి తింటే చేతిలోనే పొడి అవుతుంది. డబ్బాలో ప్యాక్ చేసి ఇంటికి తెచ్చుకున్నదానికి ఆ గుల్లతనం ఉండదు.

ఇక బిర్యానీ. ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. హైదరాబాద్ పద్ధతి కచ్చి గోష్త్, అంటే నానబెట్టిన పచ్చి మాంసం అడుగున పరిచి, సగానికి పైగా ఉడికిన బియ్యం పైన వేసి, మూత అంచు మూసేసి దమ్ పెడతారు. కాబట్టి బిర్యానీ ప్లేటు లెక్కన తయారు కాదు, హండీ (పెద్ద వంటపాత్ర) లెక్కన అవుతుంది. మూత తీసిన మొదటి అరగంట, ముప్పావు గంటలో వడ్డించిన ప్లేటే అసలు బిర్యానీ. ఆ తర్వాత ఆవిరి పోతుంది, పైన మెతుకు ఎండుతుంది, గరిటె పదే పదే తిరిగి మెతుకులు విరుగుతాయి, అడుగు మసాలా మాడు వాసన పట్టుకుంటుంది. మధ్యాహ్నం హండీలు సాధారణంగా పన్నెండు, ఒంటిగంట మధ్య తెరుస్తారు. ఆదివారం గిరాకీ ఎక్కువ కాబట్టి ఒంటిగంటన్నర దాకా ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటూనే ఉంటాయి. మూడు తర్వాత దొరికేది మధ్యాహ్నం మిగిలినదే. సాయంత్రం హండీలు ఏడు ప్రాంతంలో మళ్లీ మొదలవుతాయి.

ప్లేటు ముందుకు రాగానే రెండు విషయాలు చూడండి. మొదటిది రంగు. ఒకే ప్లేటులో తెల్ల మెతుకు, కుంకుమపువ్వు రంగు మెతుకు, మసాలా అంటిన గోధుమ రంగు మెతుకు మూడూ కనిపించాలి. అన్నమంతా ఒకే పసుపు రంగులో ఉంటే అది మసాలాలో కలిపిన అన్నం, దమ్ బిర్యానీ కాదు. రెండోది ముక్క. వేలితో లాగితే మాంసం ఎముకను వదలాలి, కానీ పీచులుగా చెదిరిపోకూడదు. చెదిరిపోయిందంటే మాంసం విడిగా ఉడికించి తర్వాత అన్నంలో పెట్టారని అనుకోవచ్చు. వడ్డించేవాడు హండీని పక్క నుంచి నిలువుగా కోస్తూ అడుగుదాకా తీయాలి. రద్దీలో పైపైన తెల్లన్నం తీసి రెండు ముక్కలు పెట్టి పంపేస్తుంటారు. అప్పుడు మొహమాటపడకండి. "థోడా మసాలా డాలో భాయ్" అంటే అడుగు మసాలా వేసి తెస్తారు. ఈ ఊళ్లో అది మామూలు మాట, ఎవరూ ఏమీ అనుకోరు.

ఎంత చెప్పాలన్నది ఇంకో చిక్కు. చాలా పాత హోటళ్లలో ఒక ప్లేటు మటన్ బిర్యానీ బాగా తినేవాళ్లయితే ఒక్కరికే, మామూలుగా తినేవాళ్లయితే ఒక పెద్దవాళ్లకూ ఒక పిల్లవాడికీ కలిపి సరిపోతుంది. మాంసం తినేవాళ్లు నలుగురున్న మీ ఇంటికి రెండు ప్లేట్లతో మొదలుపెట్టి, సరిపోకపోతే మూడోది చెప్పండి. ముందే చికెన్ 65, అపోలో ఫిష్, తందూరీ తెప్పించుకుంటే బిర్యానీ సగం మిగిలిపోతుంది, బిల్లు రెట్టింపవుతుంది. బిర్యానీ కోసం వెళ్లినప్పుడు స్టార్టర్లు వద్దు. తినాలనిపిస్తే వాటి కోసం ఇంకో రోజు, ఇంకో హోటల్.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని బావర్చికి వేరే శాఖలు లేవు. అదే పేరుకు ముందూ వెనకా ఇంకో మాట తగిలించుకున్న హోటళ్లు ఊరంతా కనిపిస్తాయి, వాటికీ దీనికీ సంబంధం లేదు. షా గౌస్‌కి శాలిబండ, టోలీచౌకి, గచ్చిబౌలిలో శాఖలున్నాయి. శాఖలున్న హోటల్ ఏదైనా సరే, మీరు వెళ్లే శాఖ గురించి రాసిన అభిప్రాయాలే చదవండి. వంటవాళ్లు వేరు, గిరాకీ వేరు, కాబట్టి రుచీ వేరే.

మన భోజనం హోటళ్లకు కూడా గంట వర్తిస్తుంది. పన్నెండుంపావు నుంచి ఒంటిగంటన్నర లోపల వేపుళ్లు కరకరలాడుతూ ఉంటాయి, పప్పు చిక్కగా ఉంటుంది, గోంగూరలో పోపు వాసన ఉంటుంది. రెండున్నర దాటితే వేపుడు బదులు ఇంకేదో కూర వస్తుంది, సాంబారు పలచబడుతుంది. అమీర్‌పేటలో కాకతీయ డీలక్స్ మెస్ లాంటి చోట ఆదివారం రద్దీ ఎక్కువ కాబట్టి పన్నెండున్నరకల్లా లోపల ఉండాలి. రాయలసీమ హోటళ్లలో రాగి సంకటి చెప్పాలనుకుంటే, ఇప్పుడే చేశారా అని ముందు అడగండి. చల్లారిన సంకటి గట్టిపడుతుంది. మళ్లీ వేడి చేసి తెచ్చినా బయట మెత్తగా, లోపల గట్టిగానే ఉంటుంది.

అత్తగారి విషయానికి వస్తాను, ఎందుకంటే మీ రోజంతా దాని చుట్టూ తిరగాలి. బిర్యానీ హోటల్‌కి తీసుకెళ్లి ఆవిడకో వెజ్ ఫ్రైడ్ రైస్ చెప్పడం సరైన పద్ధతి కాదు. ఆ వంటగదిలో గరిటెలు, నూనె వేరుగా ఉంటాయన్న నమ్మకం లేదు. పైగా పక్క టేబుల్ మీద నల్లీ ఎముకలు కనిపిస్తుంటే ఆవిడకు ముద్ద దిగదు. మధ్యాహ్నం ప్రధాన భోజనం పూర్తి శాకాహార హోటల్‌లో అందరూ కలిసి చేయండి. మాంసం సాయంత్రానికి పెట్టుకోండి, అదీ పార్సిల్‌గా. అప్పుడు ఆవిడ ఇంట్లో తనకు నచ్చింది తింటారు, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

మీది మెట్రో ఎర్ర లైన్, అది మీకు పెద్ద సౌకర్యం. మియాపూర్‌లో ఎక్కితే లక్డీకాపూల్, నాంపల్లి, గాంధీ భవన్, ఎంజీబీఎస్ అన్నీ రైలు మారకుండా వస్తాయి. ఆదివారం మొదటి రైలు మామూలు రోజుల వేళకే ఉంటుందనుకోకండి, ముందు రోజు రాత్రే వేళ చూసుకోండి.

నేనైతే మీ ఐదుగురికీ ఇలా వేస్తాను. ఇంట్లో చిన్న టిఫిన్ తిని బయల్దేరి, ఎంజీబీఎస్‌లో దిగి ఆటోలో ఎనిమిదిన్నరకు చార్మినార్. ఆ వేళకు లాడ్ బజార్ దుకాణాలు ఇంకా తెరవరు, రోడ్డు ఖాళీగా ఉంటుంది, పిల్లలను వదిలి నిలబడొచ్చు. నిమ్రాలో చాయ్, బిస్కెట్. అత్తగారు గుడ్డు కూడా తినకపోతే ఏ బిస్కెట్‌లో గుడ్డు పడదో కౌంటర్‌లో అడిగి తీసుకోండి. నహారీ తినాలని ఉన్నవాళ్లు మదీనా దాకా వెళ్లి ఒక్క ప్లేటు తిని రావచ్చు. చార్మినార్ నుంచి సాలార్‌జంగ్ మ్యూజియం కిలోమీటరు పైచిలుకు, పదింటికి తెరుస్తారు, శుక్రవారం సెలవు. రెండు గంటలు అక్కడ గడిస్తే ఆకలి తనే వస్తుంది.

పన్నెండున్నరకు అబిడ్స్‌లోని తాజ్ మహల్ హోటల్‌లో శాకాహార భోజనం. అందరికీ మీల్స్ చెప్పకండి. అన్‌లిమిటెడ్ మీల్స్‌ని ఇద్దరు పంచుకోవడానికి ఎక్కడా ఒప్పుకోరు, పిల్లలు సగం కూడా తినరు. పెద్దవాళ్లు ముగ్గురికీ మీల్స్, పిల్లలిద్దరికీ ఒక దోశ, ఒక పెరుగన్నం చాలు. అక్కడ చోటు దొరక్కపోతే హిమాయత్‌నగర్ వైపు మినర్వా కాఫీ షాప్, చట్నీస్ ఉన్నాయి. ఆదివారం ఒంటిగంటకు అక్కడా పేరు రాయించి ఆగాల్సిందే, కాబట్టి ఈ రెంటిలో ఒకదానికి ముందే ఫోన్ చేసి ఉంచండి.

భోజనమయ్యాక మొజంజాహీ మార్కెట్. 1935 నాటి రాతి కట్టడం, బాగు చేశాక ఆవరణ నిలబడి తినడానికి వీలుగా ఉంది. ఫేమస్, షా ఐస్‌క్రీమ్ దుకాణాల్లో అప్పటి కాలానికి వచ్చే పండు ఏదో అదే అడగండి. ఎండాకాలంలో మామిడి, చలికాలం మొదట్లో సీతాఫలం. కాలం కాని పండు పేరు చెబితే గుజ్జు నిల్వ ఉంచినదో, ఎసెన్సో వస్తుంది. ఇంటికి తీసుకెళ్లాలంటే పక్కనే హమీదీలో జౌజీ హల్వా ఉంది. మొలకెత్తిన గోధుమ పిండి, పాలు, నెయ్యి, చక్కెరతో గంటల తరబడి కలియబెట్టి చేసేది కాబట్టి చాలా తీపి, చాలా బరువు. పావుకిలో చాలు. గాంధీ భవన్ స్టేషన్ అక్కడికి నడిచే దూరం. నాలుగు, నాలుగున్నరకల్లా ఇంటికి చేరి ఒక కునుకు తీయొచ్చు.

సాయంత్రం ఏడుంపావుకి ఒక్కరు వెళ్లి గచ్చిబౌలి షా గౌస్ నుంచి బిర్యానీ పార్సిల్ తెస్తే చాలు. పాతబస్తీదే కావాలన్న పట్టుదల ఉంటే సంగతి వేరు, కానీ గంటన్నర ప్రయాణం చేసిన పార్సిల్ కంటే త్వరగా ఇల్లు చేరేదే రుచిగా ఉంటుంది.

డబ్బు లెక్క: పొద్దున చాయ్, బిస్కెట్లకు 250, మధ్యాహ్నానికి 1,300, ఐస్‌క్రీమ్, హల్వాకు 500, రాత్రి బిర్యానీకి 900 పెట్టుకోండి. మొత్తం 2,950. మ్యూజియం టికెట్లు ప్రయాణం ఖర్చులో వేసుకోండి. నహారీ తింటే హల్వా మానుకోవాలి.

ఇప్పుడు రేటింగుల సంగతి. కొత్తవి ముందు వచ్చేలా వరుస మార్చి గత రెండు నెలలవే చదవండి. ఐదు చుక్కలవి, ఒక చుక్కవి వదిలేసి, మూడు చుక్కలు వేసినవాళ్లు రాసింది చూడండి. వాళ్లే "సలాన్ బాగుంది, ముక్క గట్టిగా ఉంది" అని విడమర్చి రాస్తారు. వెతికే పెట్టెలో వంట పేరు కొట్టి దాని మీద వచ్చినవి మాత్రమే చదవండి. ఫిర్యాదు పార్కింగ్ గురించా, తిండి గురించా అన్నది వేరు చేసుకోండి. తెరిచి రెండు నెలలైన హోటల్‌కి రెండు వందల మంది వేసిన 4.7 కంటే, ఏళ్ల తరబడి వేల మంది వేసిన 4.1 ఎక్కువ నమ్మదగ్గది. రీల్స్ చూసి పోకండి, వాటిలో చాలావాటికి హోటల్ వాళ్లే పిలిచి తినిపిస్తారు. కస్టమర్లు పెట్టిన ఫోటోల్లో ప్లేటు అంచు, టేబుల్, నీళ్ల గ్లాసు చూడండి. హోటల్ సంగతి అవే చెప్తాయి.

అన్నిటికంటే పనికొచ్చేది ఒక ఫోన్ కాల్. పదకొండున్నరకు చేయండి, అప్పటికి రద్దీ మొదలవదు కాబట్టి ఓపిగ్గా జవాబిస్తారు. బిర్యానీ హోటల్ అయితే హండీ ఎన్నింటికి తీస్తారో అడగండి. ఐదుగురికి టేబుల్ ముందే ఆపుతారా లేక వచ్చాక టోకెనా అడగండి. ఫ్యామిలీ హాల్ ఏ అంతస్తులో ఉంది, లిఫ్ట్ ఉందా అని తప్పక అడగండి. పాత హోటళ్లలో ఏసీ హాల్ పై అంతస్తులో ఉండటం మామూలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు ఆ మెట్లే కష్టం. ఏసీ హాల్‌కి ధర వేరుగా ఉంటే అదీ అక్కడే తేలిపోతుంది.

బిల్లు మీద రెండు మాటలు. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం, అది కేంద్రానిది రెండున్నర, రాష్ట్రానిది రెండున్నరగా కనిపిస్తుంది. పెద్ద స్టార్ హోటల్ లోపలి రెస్టారెంట్లలో 18 శాతం పడవచ్చు. సర్వీస్ చార్జి మాత్రం పన్ను కాదు. దాన్ని అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తేడా చిన్నదేం కాదు. 1,800 రూపాయల తిండికి జీఎస్టీతో 1,890 అవుతుంది. పది శాతం సర్వీస్ చార్జి కలిపి దాని మీద కూడా జీఎస్టీ వేస్తే 2,079. తీసేయమని మర్యాదగా అడగండి, ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కూర్చోగానే నీళ్ల సీసా తెచ్చి మూత తీస్తారు, అంతకుముందే మామూలు నీళ్లు చాలని చెప్పండి. బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబర్ ఉండాలి. అది లేని చోట శుభ్రత గురించి మాట్లాడుకోవడం కూడా అనవసరం.

శుభ్రతకు వంటగదిలోకి తొంగి చూడాల్సిన పని లేదు. చేతులు కడిగే చోట సబ్బు ఉందా, తుడిచే గుడ్డ వాసన వస్తోందా, కోసిన ఉల్లిపాయ అంచులు ఎండిపోయి ఉన్నాయా, రైతా పుల్లబడిందా చూడండి. వానాకాలంలో ముందుగా పాడయ్యేవి ఉల్లిపాయ, రైతా, పచ్చి చట్నీ. అనుమానం వస్తే ఆ మూడూ పక్కన పెట్టి వేడివి తినండి. పిల్లలు షవర్మా, మోమో అడిగితే మయోనీజ్ లేకుండా చెప్పండి. పచ్చి గుడ్డుతో చేసే మయోనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర ఏడాది పాటు నిషేధించింది కూడా.

క్యాలెండర్ కూడా ఒకసారి చూసుకోండి. రంజాన్ నెలలో పాతబస్తీ హోటళ్లు చాలావరకు పగలు తెరవవు. సాయంత్రం నుంచి హలీం, అర్ధరాత్రి దాకా జనం. 2010లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన హలీం తినడానికి అదే సరైన కాలం, కానీ పిల్లలతో, పెద్దావిడతో చార్మినార్ దగ్గరికి ఆ రాత్రుళ్లలో వద్దు. మీ ప్రాంతంలోని శాఖల్లోనే పార్సిల్ తీసుకోండి. గణేశ్ నిమజ్జనం, బోనాల ఊరేగింపు ఉన్న ఆదివారాల్లో ఈ పథకం మొత్తం వచ్చే వారానికి జరపండి. రోడ్లు మూసేస్తే ఆటో కూడా రాదు.

చివరగా ఆ పార్సిల్ గురించి. మీ కళ్ల ముందు హండీలోంచి తీసి కట్టమనండి. ముందే కట్టి పేర్చిన డబ్బాలు తీసుకోకండి, మూతకు పట్టిన ఆవిరి నీరై అన్నం మీద పడుతుంది. సలాన్, రైతా వేరే సంచిలో పెట్టించండి, వేడి బిర్యానీ పక్కన రైతా విరుగుతుంది. ఇంటికి రాగానే మూత తెరిచి ఐదు నిమిషాలు ఆవిరి పోనిచ్చి తినండి. మిగిలింది హండీలోంచి తీసిన రెండు గంటల్లోపు వెడల్పాటి గిన్నెలో పరిచి ఫ్రిజ్‌లో పెట్టాలి, ఎండాకాలంలో గంటలోపే. పొద్దున పైన చెంచాడు నీళ్లు చిలకరించి, మూత పెట్టి, ఆవిరి బాగా వచ్చేదాకా ఒకేసారి వేడి చేయండి. రెండోసారి వేడి చేయకండి, రాత్రంతా బయట ఉండిపోయిందైతే పారేయండి. అన్నంలో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు.